మిద్దె తోటలో ఆలుగడ్డ: మొక్క ఏపుగా పెరిగినా దుంప ఊరడం లేదా? ఉప్పల్, నాచారం వాళ్లు ముందు చూడాల్సింది క్యాలెండరే!

వంటింట్లో ఆలుగడ్డకు మొలకలు వస్తాయి. పారేయడం ఎందుకని కుండీలో పాతేస్తారు. మొక్క ఏపుగా పెరుగుతుంది. తీరా తవ్వి చూస్తే గోలీలంత దుంపలు రెండో మూడో! ఉప్పల్, నాచారం మిద్దెల మీద మొదటిసారి ఆలుగడ్డ వేసేవాళ్లకు ఎదురయ్యే అనుభవం ఇదే. తప్పు మట్టిది కాదు, చాలాసార్లు నెలది.

ఆలుగడ్డ చలికాలం పంట. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల లోపు ఉంటేనే దుంప బాగా ఊరుతుంది. రాత్రిళ్లు వేడిగా ఉంటే మొక్క బలమంతా ఆకులకే పోతుంది. హైదరాబాద్‌లో ఆ చల్లదనం దొరికేది సుమారు నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య దాకానే. పంటకు 80 నుంచి 100 రోజులు కావాలి. అంటే అక్టోబర్ చివర్లోనో, నవంబర్ మొదట్లోనో నాటేయాలి. సంక్రాంతికి గుర్తొచ్చిందా? ఇక వచ్చే ఏడాదే. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ వైపు రైతులు కూడా ఈ పంటను యాసంగిలోనే వేస్తారు.

మరి విత్తనం? షాపులో కొన్న ఆలుగడ్డలు అన్నీ మొలవవు. నిల్వలో మొలకెత్తకుండా కొన్నింటికి మందు వాడతారు. విత్తన దుంపలు దొరికితే అవే మేలు. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ ఇచ్చిన రకాల్లో కుఫ్రీ సూర్య వేడిని కాస్త ఎక్కువ తట్టుకుంటుంది. కోడిగుడ్డంత దుంపను కోయకుండా నాటితే మంచిది, కోసిన ముక్క మన వేడి మట్టిలో తొందరగా కుళ్లుతుంది.

15 అంగుళాల గ్రో బ్యాగ్‌లో రెండు దుంపలు చాలు. ఎర్రమట్టి, కోకోపీట్, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి సగం దాకానే నింపాలి. స్లాబ్ వేడి తగలకుండా బ్యాగ్ కింద ఇటుకలు పెట్టండి. కట్టెల బూడిద మాత్రం గుప్పించొద్దు. మట్టిలో క్షారం పెరిగితే దుంప తొక్కకు గజ్జి తెగులు వస్తుంది.

బ్యాగ్ సగమే ఎందుకు నింపాలి? అసలు కిటుకు ఇక్కడే ఉంది. ముల్లంగిలా ఆలుగడ్డ వేరు కాదు, మట్టిలో ఊరే కాండం. కొత్త దుంపలు నాటిన దుంపకు పైభాగంలోనే వస్తాయి. అందుకే మొక్క జానెడు ఎత్తు రాగానే కాండం చుట్టూ మట్టి ఎగదోయాలి. రెండు వారాలకు మళ్లీ ఒకసారి. దుంపకు వెలుతురు తగిలితే పచ్చబడుతుంది, అందులో సోలనిన్ అనే విషం పెరుగుతుంది. ఉడికించినా అది పోదు. బాగా పచ్చబడిన దుంపను పారేయడమే మంచిది. ఆకులూ విషమే, పప్పులో వేసే ఆకుకూర కాదిది!

నీళ్లు కొద్దికొద్దిగా, క్రమం తప్పకుండా పోయాలి. బ్యాగ్ అడుగున నీరు నిలిస్తే దుంప కుళ్లుతుంది. ఆకులు పసుపుపచ్చగా మారి వాలిపోతుంటే నీళ్లు ఆపేసి, పది రోజులాగి తవ్వండి. కడగకుండా నీడలో ఆరబెడితే తొక్క గట్టిపడుతుంది.

ఆ దుంపల్నే విత్తనంగా దాచుదామంటే కుదరదు. మన ఎండాకాలం దాటి అక్టోబర్ దాకా ఇంట్లో నిలవవు. విత్తనం మళ్లీ కొనాల్సిందే.