సూది గుచ్చుకుంటే దాచొద్దు!

పిట్లం బస్టాండులో పొద్దున్నే బాన్సువాడ, కామారెడ్డి, నిజామాబాద్ బస్సుల కోసం చూసేవాళ్లలో నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు చదివేవాళ్లూ ఉంటారు. మీరూ వాళ్లలో ఒకరా? అయితే జీతం ఎంత, డ్యూటీ ఎన్ని గంటలు అనే ప్రశ్నలతోపాటు ఇంకొకటి కూడా అడగాలి. ‘పనిలో నాకు జబ్బు అంటితే బాధ్యత ఎవరిది?’

కొత్తగా చేరారనుకోండి. నైట్ డ్యూటీలో రక్తం తీస్తుంటే సూది వేలికి గుచ్చుకుంది. ‘చెబితే నన్నే తిడతారేమో, ఉద్యోగం పోతుందేమో’ అని ఊరుకుంటారు చాలామంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

రిస్క్ ఎంత?

హెచ్‌ఐవీ ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే, వైరస్ సోకే అవకాశం సుమారు వెయ్యిలో మూడు. హెపటైటిస్-బి అలా కాదు. టీకా వేసుకోనివారిలో అది వందలో 30 దాకా ఉండొచ్చు. కాబట్టి భయపడాల్సిన పని లేదు, నిర్లక్ష్యం మాత్రం పనికిరాదు.

చట్టం ఏమంటోంది?

హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం-2017 మన దేశంలో 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చింది. ఇందులోని 19వ సెక్షన్ ప్రకారం హెచ్‌ఐవీ సోకే ముప్పున్న సిబ్బందికి గ్లవ్స్ వంటి రక్షణ సాధనాలు, వాటి వాడకంపై శిక్షణ ఇవ్వాల్సింది ఆసుపత్రే. సూది గుచ్చుకుంటే వైరస్ సోకకుండా వాడే మందులు (పీఈపీ) కూడా అదే ఇవ్వాలి. ఇది దయ కాదు, బాధ్యత. 20 మంది లేదా అంతకుమించి పనిచేసే ఆసుపత్రిలో ఫిర్యాదుల అధికారి ఉండాలి.

జీవ వైద్య వ్యర్థాల నిర్వహణ నిబంధనలు-2016 ఇంకో అడుగు ముందుకేశాయి. వ్యర్థాలను ముట్టుకునే సిబ్బందికి హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. చేరినప్పుడు, ఆ తర్వాత ఏటా ఒక్కసారైనా ఆరోగ్య పరీక్షలు, శిక్షణ ఉండాలి. వాడిన సూదులు వేయడానికి గుచ్చుకుపోని తెల్లటి డబ్బా పెట్టాలి.

అమెరికా 2000లోనే సూది గాయాలపై ప్రత్యేక చట్టం తెచ్చింది. సురక్షితమైన సూదుల ఎంపికలో సిబ్బంది అభిప్రాయం అడగాలనీ, గాయాలను రిజిస్టరులో రాయాలనీ అందులో ఉంది.

గుచ్చుకున్న వెంటనే..

* సబ్బు, నీళ్లతో కడగండి. వేలిని పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు.
* వెంటనే పైవారికి చెప్పండి. ఎప్పుడు, ఎలా జరిగిందో రాయించండి.
* పీఈపీని ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. 72 గంటలు దాటితే ఫలితం ఉండదు. డాక్టరు రాస్తే 28 రోజులు వాడాలి.
* సందేహముంటే 1097కి ఫోన్ చేయండి. ఇది ఉచితం.
* వాడిన సూదికి మళ్లీ మూత పెట్టొద్దు. చాలా గాయాలు అప్పుడే అవుతాయి.

ఇంటర్వ్యూలో అడగండి

హెపటైటిస్-బి టీకా వేయిస్తారా? రాత్రిపూట సూది గుచ్చుకుంటే ఎవరికి చెప్పాలి? పీఈపీ మందులు ఎక్కడుంటాయి? ఈ మూడూ మర్యాదగా అడగండి. సరైన ఆసుపత్రి తడుముకోకుండా చెబుతుంది. నీళ్లు నమిలితే మీరే ఆలోచించుకోండి. టీకా మూడు డోసులు పూర్తవడానికి ఆరు నెలలు పడుతుంది. అందుకే ఉద్యోగం వచ్చాక చూద్దాంలే అనుకోకుండా చదువుతుండగానే మొదలుపెట్టండి. రేపు రోగికి ధైర్యం చెప్పాల్సింది మీరే. ముందు మీరు క్షేమంగా ఉండాలి కదా!