ప్రపంచ విపణిలో పసుపు: నిజామాబాద్ ముందున్న కర్తవ్యం

ప్రపంచ పసుపు ఉత్పత్తిలో 70 శాతానికి పైగా, వాణిజ్యంలో 62 శాతానికి పైగా వాటా భారతదేశానిదే. 2022-23లో దేశంలో 11.61 లక్షల టన్నుల పసుపు ఉత్పత్తి కాగా, 1.534 లక్షల టన్నుల పసుపు, తత్సంబంధ ఉత్పత్తులు ఎగుమతియై 207.45 మిలియన్ డాలర్లు ఆర్జించాయి. అనగా ఎగుమతి ఉత్పత్తిలో సుమారు 13 శాతం. సగటు విలువ కిలోకు 1.35 డాలర్లు. పరిమాణంలోని ఆధిక్యం విలువలో ప్రతిఫలించలేదు.

దిగుమతిదారులు కుర్కుమిన్ శాతంతో పాటు పురుగుమందుల అవశేషాలు, సీసం, అఫ్లాటాక్సిన్ల పరిమితులను పరిశీలిస్తారు. ఈ నాణ్యతలో అధిక భాగం పొలంలోను, కల్లంలోను నిర్ణయమవుతుంది. తవ్విన రెండు మూడు రోజులలో ఉడికించి, మట్టి తగలకుండా టార్పాలిన్లపై పరచి, తేమ 10 శాతానికి తగ్గేవరకు ఆరబెట్టిన కొమ్ములకు బూజు సోకే అవకాశం తక్కువ. మెరుగు పెట్టునప్పుడు కృత్రిమ రంగులు, ముఖ్యంగా సీసం గల లెడ్ క్రోమేట్, వాడరాదు.

2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాద్ నుండి 178 మంది రైతులు పోటీచేసి మద్దతు ధరను, పసుపు బోర్డును కోరారు. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైనది. అయితే సంస్థ ఏర్పడినంత మాత్రాన ధర స్థిరపడదు. 2015లో బోధన్ చక్కెర కర్మాగారం మూతపడినప్పుడు చెరకు రైతులు ఈ సత్యాన్ని గ్రహించారు. కావున నమూనాల పరీక్ష, శ్రేణీకరణ రైతు సంఘాల చేతికి వచ్చేలా చూడటం విస్తరణ శాస్త్రవేత్తల తక్షణ కర్తవ్యం. నాణ్యతను రుజువు చేయగలిగిన రైతే దానికి తగిన ధరను అడగగలడు.