ఇద్దరు పిల్లలకు ఒక బండి

చంటిపిల్లకూ బండికీ వున్న సంబంధం మనకు కొత్తది కాదు. భాగవతంలో చిన్ని కృష్ణుడు మొదటిసారి బోర్లపడిన నాడు యశోద వేడుక చేసింది. వచ్చిన పేరంటాళ్ళకు మర్యాదలు జరపాలి. చేతిలో పిల్లవాడు నిద్రపోతున్నాడు. ఏం చేస్తుంది పాపం? నీడగా వుంటుందని ఒక బండికింద పడుకోబెట్టి పనిలో పడింది. ఆకలేసి లేచిన పిల్లవాడు కాళ్ళు విదిలించేసరికి బండి కాస్తా తిరగబడింది. శకటాసురుడి కథ అని మనం పిల్లలకు చెప్పుకొనేది యిదే.

అసురుడి సంగతి అట్లా వుంచి, తల్లి సంగతి ఆలోచించండి. చేతిలో పసివాడు, చేతినిండా పని! ఆ తల్లి పడ్డ అవస్థ ద్వాపరయుగంలో ఎంతో యిప్పుడూ అంతే. అయితే వ్రేపల్లెలో ఒక సదుపాయం వుంది. అక్కడ పిల్లలు యిద్దరు, బలరాముడూ కృష్ణుడూ. తల్లులూ యిద్దరే, రోహిణీ యశోదా. వాళ్ళిద్దరికీ తీరికలేకపోతే పల్లెనిండా గోపికలు వుండనే వున్నారు.

ఇప్పుడు మన కృష్ణా జిల్లాకు రండి. కూచిపూడి, మొవ్వ, పామర్రు, చల్లపల్లి ప్రాంతాలలో అమ్మాయో అబ్బాయో అమెరికాలో కాపురం వుంటున్న యిళ్ళు చాలానే వున్నాయి. కూచిపూడి నాట్యం వెళ్ళినంత దూరమూ మన పిల్లలూ వెళ్ళారు. అక్కడ రెండో పురుడు దగ్గర పడుతున్న అమ్మాయి ఒక రాత్రి ఫోను చేస్తుంది.

"అమ్మా, పెద్దవాడు యింకా సరిగ్గా నడవడు. రెండో బిడ్డ కూడా వస్తే యిద్దరికీ కలిపి డబుల్ స్ట్రోలర్ కొనాలేమో! సీట్లు పక్కపక్కన వున్నది మంచిదంటావా, ముందూ వెనకా వున్నది మంచిదంటావా?"

"చాల్లేవే! నిన్నూ తమ్ముణ్ణీ నేను ఏ బండిలో పెంచాను?" అని తల్లి నవ్వేస్తుంది.

నవ్వి వూరుకొనే ప్రశ్న కాదిది. వాళ్ళిద్దర్నీ పెంచిన బండి ఒకటి వుంది. దాని పేరు నాయనమ్మ చంక. ఆ చంక ఖాళీ లేకపోతే మేనత్త, ఆమె లేకపోతే పక్కింటి పిన్నిగారు. పరాయి దేశంలో ఆ మనుషులు లేరు. భర్త కొద్దిరోజులకే ఆఫీసుకు వెళ్ళిపోతాడు. లేని మనిషికి బదులుగా ఆ అమ్మాయి బండిని వెతుక్కుంటున్నది. కనుక ఆ మనిషి చేసే పనుల్లో బండి ఏవి చెయ్యగలదో, ఏవి చెయ్యలేదో చూసుకొని కొనడం తెలివైన పని.

మేకలు లాగిన బండి

పిల్లల బండికి ఒక చరిత్ర వుంది. 1733లో ఇంగ్లండులో విలియం కెంట్ అనే శిల్పి డెవన్‌షైర్ ప్రభువు పిల్లలకోసం ఆల్చిప్ప ఆకారంలో ఒక చిన్న బండి తయారుచేశాడు. దాన్ని మేకో పొట్టిగుర్రమో లాగేది. అది ప్రభువుల బిడ్డల వేడుకేగాని తల్లికి సాయం కాదు. 1889లో అమెరికాలో విలియం రిచర్డ్‌సన్ అనే నల్లజాతీయుడు పిల్ల ముఖం తల్లివైపుకు తిప్పుకొనే వీలున్న బండికి పేటెంటు పొందాడు. 1965లో ఓవెన్ మాక్లారెన్ అనే విమానాల ఇంజనీరు అల్యూమినియం గొట్టాలతో గొడుగులా ముడుచుకొనే బండిని రూపొందించాడు. దాని బరువు సుమారు మూడు కిలోలు. యుద్ధవిమానం చక్రాలు ముడుచుకొనే పద్ధతి తెలిసినవాడు గనుక అది ఆయనకు తట్టింది. తల్లి ఒక చేత్తో పిల్లను ఎత్తుకొని, రెండో చేత్తో బండి ముడిచి బస్సెక్కే రోజు అప్పటికి వచ్చింది.

ఇద్దరు పిల్లలయ్యేసరికి ఆ లెక్క తప్పింది. పుట్టిన బిడ్డ బరువు సుమారు మూడు కిలోలు, రెండేళ్ళవాడిది పన్నెండు, జంటబండిది పదీ పదిహేను మధ్య. మొత్తం దాదాపు ముప్ఫై కిలోలు! బియ్యం బస్తాకంటె బరువైన యీ సామాను పురిటినుంచి లేచిన మనిషి తొయ్యాలి. అందుచేత ఎన్నిక జాగ్రత్తగా జరగాలి.

జోడెద్దులా? రైలుపెట్టెలా?

జంటబళ్ళు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది జోడెద్దుల వరస: యిద్దరూ పక్కపక్కన కూర్చుంటారు. బరువు రెండువైపులా సమంగా పడుతుంది గనుక తొయ్యడం, తిప్పడం సుళువు. ఒకడు కూర్చుని, ఒకడు పడుకొని వుండేటట్లు ఏ సీటుకా సీటు వాల్చుకోవచ్చు. లోపం వెడల్పులో వుంది. ఇటువంటివి సుమారు 30 అంగుళాలు వుంటాయి. చక్రాల కుర్చీలకోసం దుకాణాల, ఆఫీసుల తలుపులు కనీసం 32 అంగుళాలు తెరుచుకోవాలని 1990 నాటి చట్టం కింద అమెరికాలో నియమం వుంది. సొంత యింటి లోపలి తలుపులకు ఆ నియమం లేదు. పైగా పెద్దవాడి చెయ్యి చిన్నవాడి టోపీకి అందుతుంది. అది ఏ రోజున లోపమవుతుందో చెప్పలేం!

రెండోది రైలుపెట్టెల వరస: ఒకరి వెనక ఒకరు. వెడల్పు ఒంటి బండి అంతే గనుక లిఫ్టులో, కొట్లో యిరుకు సందులో దూరుతుంది. కాని పొడుగెక్కువ. మలుపు తిప్పడానికీ, ఫుట్‌పాత్ అంచు ఎక్కించడానికీ ముందుభాగం పైకెత్తాలంటే నడుం పట్టుకుంటుంది. వెనక సీటు పిల్లకు ముందున్న సీటు వీపు తప్ప ఏమీ కనిపించకపోవచ్చు.

వీటికి తోడు, యివాళ ఒక సీటుతో కొని రేపు రెండో సీటు తగిలించుకొనే బళ్ళున్నాయి. ఒంటి బండికి వెనక తగిలించే పలకా వుంది. పెద్దవాడు దానిమీద నిలబడతాడు. వాడికి నిద్ర వచ్చిందంటే మటుకు ఆ పలక పనికిరాదు. అన్నిటికంటె చవకైన దారి, పెద్దవాణ్ణి మామూలు బండిలో కూర్చోబెట్టి, చిన్నదాన్ని గుడ్డ జోలెలో రొమ్ముకు కట్టుకోవడం. మన పొలాల్లో కూలి తల్లులు ఎరిగిన పద్ధతే యిది. కాకపోతే బిడ్డ ముఖం ఎప్పుడూ కనిపిస్తూ వుండాలి. గడ్డం రొమ్ముకు ఆనకూడదు. తల వంచితే ముద్దుపెట్టుకొనేంత దగ్గరలో బిడ్డ నుదురు వుండాలి.

ఎడం చూసి ఎంచుకోండి

దుకాణానికి వెళ్ళేముందు పిల్లల మధ్య ఎడం లెక్కవెయ్యండి. కాన్పు తర్వాత కనీసం 24 నెలలు గడిచాకనే మళ్ళీ గర్భం ధరించడం తల్లీబిడ్డలకు క్షేమమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఆ సలహా పాటించిన యింట్లో రెండో బిడ్డ పుట్టేనాటికి మొదటివాడికి రెండు సంవత్సరాల తొమ్మిది నెలలు నిండుతాయి. వాడు నడుస్తాడు, పరుగెత్తుతాడు, అలసినప్పుడే కూర్చుంటాడు. వాడికి పలకా, మీకు జోలే చాలవచ్చు. ఎడం ఏడాదిన్నర అయితే మటుకు జంటబండి ఏడాదికి పైగా రోజూ అక్కరకొస్తుంది. అప్పుడు ఖర్చుకు వెనుదియ్యకండి.

ఇక చంటిబిడ్డ విషయంలో రాజీ లేని నియమం ఒకటి. మెడ నిలిచేదాకా బిడ్డ బల్లపరుపుగా పడుకోవాలి. కూర్చున్నట్లు వాల్చిన సీట్లో తల ముందుకు వాలితే గాలి ఆడే దారి మూసుకుపోతుంది. కారు సీట్లు, స్ట్రోలర్లు రోజువారీ నిద్రకు తగవనీ, నాలుగు నెలల లోపు పిల్లల విషయంలో మరీ జాగ్రత్తగా వుండాలనీ అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022 నాటి సూచనలలో కూడా చెప్పింది. అందుచేత ఒక సీటయినా పూర్తిగా చదునుగా వాలుతుందా అన్నది మొదటి ప్రశ్న. రంగూ, పేరూ, ధరా తర్వాత.

శకటం తిరగబడకుండా

రెండో ప్రశ్న బండి నిలకడ. బజారు సంచులన్నీ వెనక పిడికి తగిలిస్తాం. ముందు సీట్లో పెద్దవాడు కూర్చున్నంతసేపూ బాగానే వుంటుంది. వాడు ఉన్నట్టుండి కిందికి దూకాడా, బండి వెనక్కు తిరగబడుతుంది, చంటిబిడ్డతో సహా. సంచులు సీటు కిందనున్న బుట్టలోనే పెట్టాలి. దింపేటప్పుడు ముందు చిన్నదాన్ని చేతిలోకి తీసుకొని, తర్వాత పెద్దవాణ్ణి దింపాలి. భుజాలకు రెండు, నడుముకు రెండు, కాళ్ళమధ్య ఒకటి, ఐదు పట్టీల బెల్టు వున్న బండే కొనాలి, కొన్నాక కట్టాలి.

బ్రేకు సంగతి చెప్పనక్కరలేదు. 1925 నాటి రష్యన్ చిత్రం 'బాటిల్‌షిప్ పొటెంకిన్'లో మెట్లమీద దొర్లిపోయే పసిపిల్ల బండిని చూసినవారు మరచిపోలేరు. ఇంటి ముందు వాలు వుంటే బ్రేకును అక్కడే పరీక్షించండి. బండి ముడిచేటప్పుడు పిల్లల్ని దూరంగా నిలబెట్టండి. కీళ్ళలో పిల్లల వేలికొనలు తెగిన సంఘటనలు జరిగి, మాక్లారెన్ పేరుతో నడిచిన సంస్థే 2009లో అమెరికాలో సుమారు పది లక్షల బళ్ళకు కీలు తొడుగులు పంపవలసి వచ్చింది.

సంక్రాంతికి వస్తూ తేవాలా?

ఇప్పుడు అమ్మాయి రెండో ప్రశ్న: "ఇంటికి వచ్చేటప్పుడు ఆ బండి తేనా?"

డెల్టా పల్లెలో పాతకాలపు యిల్లు ఒకసారి కళ్ళముందు పెట్టుకోండి. వీధిలోనుంచి మెట్లు, ఆపైన అరుగు, ఆపైన పసుపు రాసిన ఎత్తయిన గడప. లోపలికి వెళితే యింకో గడప. ప్రతిచోటా ముప్ఫై కిలోలు ఎత్తి దించాలి. వానాకాలమైతే నల్లరేగడి బురద చిన్న చక్రాలకు ముద్దలుగా అంటుకొని బండి కదలదు. కోతల రోజుల్లో రోడ్డు పక్కన ధాన్యం ఆరబోస్తారు. పక్కకు జరగడానికి చోటుండదు. బెజవాడ నుంచి ఉయ్యూరు, పామర్రు మీదుగా కూచిపూడి వచ్చే ఆర్టీసీ బస్సులో జంటబండికి చోటు వెతకడం మరో ప్రయాస. బజారులో అయితే బండిలోని పిల్ల ముక్కు సరిగ్గా వాహనాల పొగగొట్టాల ఎత్తులో వుంటుంది.

కనుక జంటబండిని అక్కడే వుంచి, విమానాశ్రయాలలో నడకకోసం పెద్దవాడికి గొడుగులా ముడిచే తేలిక బండి ఒకటి తెచ్చుకుంటే చాలు. చిన్నదాన్ని ఎత్తుకోవడానికి యిక్కడ చంకలకు కొదవలేదు. అత్తవారింట్లో నలుగురు ఆడపడుచులుండగా బండికోసం బెజవాడంతా తిరగడం, చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్లే.

ఎండాకాలం వచ్చేవారికి మరొక మాట. ఎండ తగలకుండా బండిమీద పొడిగుడ్డ కప్పడం చాలామందికి అలవాటు. దానివల్ల గాలి ఆడక లోపల వేడి పెరుగుతుంది. పల్చని గుడ్డ తడిపి కప్పి, చిన్న ఫాను పెడితే లోపల చల్లబడుతుందని సిడ్నీ విశ్వవిద్యాలయంవారు 2023లో ప్రకటించారు. రోహిణీకార్తెలో కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లిన మన పెద్దలకు యీ రహస్యం తెలుసు. గుడ్డ కప్పినా గాలికి దారి వుంచాలి, బిడ్డ ముఖం కనిపిస్తూ వుండాలి.

బండి చెయ్యలేని పని

ఎంత మంచి బండి అయినా రెండు సీట్లు యివ్వగలదు గాని రెండు ఒళ్ళు యివ్వలేదు. నిన్నటిదాకా అమ్మ ఒళ్ళో వున్నవాడు యివాళ ఎదురుసీట్లోనుంచి కొత్త బిడ్డను చూస్తున్నాడు. వాడి కష్టం వాడికి చెప్పడం రాదు. అందుకే టోపీ లాగుతాడు. పురిటికి సాయం వెళ్ళే అమ్మమ్మలకు నేను మనవి చేసేదేమంటే, వెళ్ళగానే అందరూ చిన్నదాన్ని ఎత్తుకొనేవారే. మీరు పెద్దవాణ్ణి దగ్గరకు తియ్యండి. శకటాసురుడి కథ మొదలుపెట్టడానికి అదే అదను.

ఆ అమ్మమ్మకు కూడా బండి వల్ల మేలుంది. ఊరు కొత్త, భాష కొత్త, కారు నడపడం రాదు. ఆరునెలలు కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చొనేకంటె, పిల్లల్ని తోసుకుంటూ పార్కుదాకా వెళితే నలుగురు మనుషులు కనిపిస్తారు. పిల్లల్ని చూసి పలకరించేవారికి భాష పెద్దగా అడ్డం రాదు.

చివరికి, ఏ బండి మంచిదని అడిగితే నేను చెప్పే కొలత ఒకటే. కొట్టులో తోసి చూసి మురిసిపోవద్దు. ఆ అమ్మాయి ఒంటరిగా, ఎవరి సాయమూ లేకుండా, యిద్దరు పిల్లల్నీ అందులో కూర్చోబెట్టుకొని యింటి గుమ్మం దాటి వీధిలోకి వెళ్ళి, మళ్ళీ క్షేమంగా యింట్లోకి రాగలగాలి. అందుకు వీలున్నది చవకదైనా మంచి బండే. వీలులేనిది ఎంత ఖరీదైనా కొట్టుగదిలో పడివుండేదే. బిడ్డ బోర్లపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు పంచే ఆచారం మనది. రెండో పురుడయ్యాక యిద్దరు పిల్లలతో తల్లి మొదటిసారి గడప దాటిన రోజున, ఆమె పేరిట కూడా నాలుగు గారెలు వెయ్యండి.