ఓర్చదగినవి, చెప్పవలసినవి

గురుబరపల్లి మీదుగా సాగే 44వ జాతీయ రహదారిపై లారీల హారన్లకు రాత్రి, పగలు అన్న తేడా లేదు. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన కార్మికుడు కన్నుమూసే వేళకు పక్క గదిలో టీవీ మోగుతుంది. వీధి కుళాయి వద్ద బిందెల చప్పుడు మొదలవుతుంది. వీటిలో ఏదీ పెద్ద కష్టం కాదు. అయినా అన్నీ కలిసి ప్రతిదినమూ ఎదురైతే, సాయంత్రం బడి నుండి వచ్చిన బిడ్డ ఏదో అడిగినంత మాత్రాన చేయి లేస్తుంది. తరువాత మిగిలేది పశ్చాత్తాపమే.

దీనికి శారీరక కారణం ఉన్నది. చిరాకు కలిగినప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు విడుదలై గుండె వేగము, రక్తపోటు పెరుగుతాయి. ఆపద నుండి తప్పించుకొనుటకు ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. నిద్ర చాలనివారిలో చిన్న విషయానికే కోపం రేగుతుంది. పెద్దలకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర అవసరం. పగలు నిద్రించేవారు కిటికీకి ముదురు తెర కట్టుకోవాలి. షిఫ్టు చివరి గంటలలో టీ, కాఫీ మానాలి.

కోపం వచ్చిన క్షణాన బదులు పలుకక, ఊపిరిని నెమ్మదిగా తీసుకొని, అంతకంటె నెమ్మదిగా విడవండి. కొద్ది నిమిషాలలో గుండె వేగం తగ్గుతుంది. ఓర్చినమ్మకు తేటనీరు అన్న సామెత చెప్పేది ఇదే: బురద అడుగుకు చేరిన తరువాతనే బిందె ముంచాలి.

అయితే అన్నింటినీ ఓర్చుకోనక్కరలేదు. పసిబిడ్డ ఏడుపు, బస్సులో రద్దీ, మన మాట అర్థం కాక తడబడే దుకాణదారు, ఇవి ఓర్చదగినవి. పొరుగింటి టీవీ మర్యాదగా చెప్పదగినది. "అణ్ణా, నైట్ షిఫ్టు, కొంజం సత్తం కొరైంగ" అన్న తమిళ వాక్యం చాలు. తొలగించని చెత్త, పగిలిన గొట్టం స్థానిక సంస్థకు వ్రాతపూర్వకంగా తెలుపవలసినవి. అర్జీ నకలు దాచుకోండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు బహిరంగ ప్రదేశాలలో లౌడ్‌స్పీకర్ల వాడుక సాధారణంగా నిషిద్ధం. ఉల్లంఘన జరిగితే పోలీసులకు తెలుపవచ్చును.

రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, మద్యం లేనిదే మనసు కుదుటపడకపోయినా, ఇంటివారిపై చేయి చేసుకొంటున్నా సహాయం కోరండి. జీవించరాదన్న తలంపు కలిగితే ఒక్క రోజు కూడా ఆగరాదు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ఆరంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చును, తెలుగులోనూ మాట్లాడవచ్చును. బెంగళూరులో హోసూరు రోడ్డుపైనే నిమ్హాన్స్ ఆసుపత్రి ఉన్నది.

జ్వరానికి మందు అడుగుటకు మనం సిగ్గుపడము. మనసు అలసినప్పుడు సహాయం అడుగుటకూ సిగ్గుపడనక్కరలేదు.