తెల్లరాతి నగరం

పిల్లలూ! చెరుకుతోటల మధ్య కుప్పలుగా పోసి ఉన్న నల్లరాళ్లను మీరు చూసే ఉంటారు. అవి ఎక్కడివి? ఎంతో కాలం క్రితం అగ్నిపర్వతాల నుండి పొంగిన లావా చల్లారి ఆ రాళ్లయింది. మన మారిషస్ దీవి అలాగే పుట్టింది. ఆ రాళ్లను ఏరి కుప్పలు పోసినవారిలో మన పూర్వులు కూడా ఉన్నారు.

అగ్నిపర్వతపు రాళ్లతోనే కట్టిన ఒక నగరాన్ని చూద్దాం, రండి. దాని పేరు అరెకీపా. అది దక్షిణ అమెరికాలో, పెరూ దేశంలో, ఆండీస్ పర్వతాల మధ్య సుమారు 2,300 మీటర్ల ఎత్తున ఉన్నది. నగరంలో నిలబడి తలెత్తితే మిస్తీ అనే అగ్నిపర్వతం కనిపిస్తుంది. దాని ఎత్తు 5,822 మీటర్లు. అది ఇంకా చల్లారిపోలేదు.

అక్కడ అగ్నిపర్వతాలు ఎందుకున్నాయి? సముద్రం అడుగున ఉన్న భూఫలకం ఆ ఖండం కిందికి మెల్లగా దూరుతూ ఉంటుంది. అందువల్ల లోతున రాయి కరిగి పైకి వస్తుంది. భూకంపాలు కూడా అందువల్లనే వస్తాయి.

స్పెయిన్ దేశస్థులు 1540లో ఈ నగరాన్ని స్థాపించారు. దీనిని సిల్లార్ అనే తెల్లరాతితో కట్టారు. మిస్తీ పుట్టకముందే, లక్షల సంవత్సరాల కిందట, అగ్నిపర్వతాల నుండి మండే బూడిద మేఘాలు దొర్లివచ్చి ఇక్కడ పరుచుకున్నాయి. ఆ బూడిద గట్టిపడి సిల్లార్ అయింది. అది తేలికైన రాయి. ఉలికి సులభంగా లొంగుతుంది. అందుకే 1698 నాటి ఒక చర్చి ముఖద్వారం నిండా పూలు, లతలు చెక్కారు. 1579లో స్థాపించిన సాంతా కాతలీనా మఠం ఒక చిన్న ఊరంత ఉంటుంది. దాని సందుల్లో నడుస్తుంటే ఎర్రని గోడలు, నీలపు గోడలు కనిపిస్తాయి. నగరం వెలుపల ఉన్న గనిలో పనివారు నేటికీ సుత్తి, ఉలి పట్టి ఈ రాతిని చేతులతోనే కొడుతున్నారు.

ఈ నగరం కష్టాలు కూడా చూసింది. 1600 ఫిబ్రవరిలో వాయ్‌నాపుతీనా అనే అగ్నిపర్వతం పేలింది. బూడిద కురిసి పగలే చీకటి కమ్మింది. పంటలు పాడయ్యాయి. 2001 జూన్ 23న వచ్చిన భూకంపానికి పెద్ద చర్చి గోపురాలలో ఒకటి కూలిపోయింది. ప్రజలు దానిని మళ్లీ కట్టుకున్నారు.

మరి వాళ్లు ఆ చోటు ఎందుకు వదలలేదు? బూడిద కలిసిన నేల పంటకు మంచిది. కొండల మీది నుండి నది నీరు వస్తుంది. ఇంటికి రాయి దొరుకుతుంది. భయపెట్టే కొండలే బ్రతుకును కూడా ఇస్తున్నాయి. అందుకే అక్కడి శాస్త్రజ్ఞులు రాత్రింబగళ్లు మిస్తీని పరికరాలతో కనిపెట్టి చూస్తుంటారు.

ఈసారి నల్లరాయి కనిపిస్తే చేతిలోకి తీసుకొని చూడండి. అందులో చిన్న చిన్న రంధ్రాలుంటే, అవి ఒకప్పుడు లావాలో చిక్కుకున్న వాయువుల బుడగలని తెలుసుకోండి.

ప్రశ్నలు
1. సిల్లార్ రాయి ఎలా ఏర్పడింది?
2. అరెకీపా ప్రజలు తమ నగరాన్ని ఎందుకు వదిలిపోలేదు?
3. మీ ఊరిలో నల్లరాతితో కట్టిన ఒక కట్టడాన్ని గురించి ఐదు వాక్యాలు వ్రాయండి.