ప్రూఫ్ నాణేల సెట్లు: గీటురాయికి అందని ధర

వెండి వర్తకుని ముందు రెండు రూపాయి నాణేలు పెట్టారనుకుందాము. రెండింటి మీదా నాలుగవ విలియం రాజు ముఖమే, రెండింటి మీదా 1835 సంవత్సరమే. త్రాసులో వేస్తే రెండూ పాత తులం తూకం, అంటే 11.66 గ్రాములు. వన్నె కూడ ఒకటే: పన్నెండింట పదకొండు పాళ్ళు వెండి, మిగిలిన పాలు రాగి. రెండూ అద్దంలా మెరుస్తున్నవి. వాటిలో ఒకటి 1835 ప్రాంతాన టంకశాలలో నమూనాగా వేసిన అసలు ప్రూఫ్. రెండవది దాదాపు వంద సంవత్సరాలో, అంతకు మించో గడిచిన తర్వాత పాత అచ్చుతోనే మళ్ళీ వేసినది. ఈ రెండింటి ధరలకు పొంతనే ఉండదు. తేడా తెలుసుకోవడానికి త్రాసు పనికిరాదు. గీటురాయి అసలే పనికిరాదు. గీసిన మరుక్షణం రెండింటి ధరా పడిపోతుంది.

పాత ప్రూఫ్ సెట్లలో మదుపు చేసేవారు ఎక్కువగా దెబ్బ తినేది ఇక్కడే. నకిలీ సరకుతో వచ్చే నష్టం వేరు, ఇది వేరు. మళ్ళీ వేసిన నాణెం దొంగ నాణెం కాదు. సర్కారు టంకశాల సరకే.

ప్రూఫ్ అన్నది చెలామణీ కోసం వేసే నాణెం కాదు. అచ్చు ఎలా వచ్చిందో చూసుకోవడానికి, పెద్దలకు చూపడానికి, భద్రపరచడానికి కొద్ది సంఖ్యలో వేసేది. అచ్చుకు ప్రత్యేకంగా మెరుగు పెడతారు. బిళ్ళకు కూడ మెరుగు పెడతారు. మామూలు నాణేల మాదిరి వడివడిగా కాక నిదానంగా, ఒకటికి రెండుసార్లు అచ్చు దింపుతారు. అక్షరం అంచు కూడ పదునుగా తేలుతుంది. లండన్ రాయల్ మింట్ ఇటువంటి నాణేలను పెట్టెల్లో అమర్చి సెట్లుగా ఇవ్వడం 19వ శతాబ్ది తొలి భాగం నుంచే ఉన్నది. విలియం వ్యోన్ చెక్కిన, సింహాన్ని నడిపించే యువతి బొమ్మ గల అయిదు పౌన్ల బంగారు నాణెం 1839 సెట్టులోనిదే. ఈనాటికీ వేలంపాటల్లో దాని పేరు వినిపిస్తే పాటదార్లు సర్దుకు కూర్చుంటారు.

మన దేశం విషయానికి వస్తే, 1835లో ఈస్టిండియా కంపెనీ ఏకరీతి నాణేలను ప్రవేశపెట్టింది. నాటి నుంచి కలకత్తా, బొంబాయి టంకశాలల్లో ప్రూఫ్‌లు వేస్తూ వచ్చారు. పాత అచ్చులు చాలా వరకు టంకశాలల్లోనే ఉండిపోయినవి. నాణేలు సేకరించేవారు కోరితే వాటితోనే మళ్ళీ కొత్త బిళ్ళలపై ముద్ర వేసి సరఫరా చేసేవారు. వీటినే రీస్ట్రైక్‌లు అంటారు. రహస్యంగా జరిగిన వ్యాపారం కాదు. దశాబ్దాల తరబడి సాగిన పద్ధతి. 1970 జులై 1తో దీనిని నిలిపివేశారు. అప్పటికే పెట్టెల కొద్దీ సరకు దేశవిదేశాలకు చేరింది. ఈనాడు మార్కెట్‌లో ‘బ్రిటిష్ ఇండియా ప్రూఫ్’ పేరుతో కనబడే వాటిలో అసలు ప్రూఫ్‌ల కంటె ఈ రకమే ఎక్కువ.

పోల్చుకునే మార్గాలు లేకపోలేదు. అసలు ప్రూఫ్‌లో ముఖబింబం, రాజచిహ్నం వంటి ఉబ్బెత్తు భాగాలు మసక తెలుపుగా ఉంటవి, చుట్టూ ఖాళీ భాగం మాత్రమే మెరుస్తుంది. అంచున సన్నని తీగలాంటి గట్టు ఉంటుంది. తొలినాళ్ళ రీస్ట్రైక్‌లలో ఈ తేడా మాయమై ముఖం, ఖాళీ భాగం ఒకే నునుపుగా కనిపిస్తవి. ఇటీవలి కాలపు రీస్ట్రైక్ అయితే వార్నిష్ పూసినట్లు గాజు మెరుపు మెరుస్తుంది. భూతద్దం కింద పెడితే వెంట్రుకల వంటి సన్నని గీతలు కుప్పలుగా బయటపడతవి. తుప్పు పట్టిన పాత అచ్చును మళ్ళీ మళ్ళీ రుద్దినందున పడిన గీతలవి. అచ్చు మీద పడిన గీత నాణెం మీద ఉబ్బుగా వస్తుంది. వాడుకలో పడిన గీత లోతుగా ఉంటుంది. ఈ ఒక్కటి గుర్తు పెట్టుకుంటే సగం బేరాలు తేలిపోతవి.

ఒక రాజు ముఖానికి మరొక కాలపు వెనుక ముద్ర జోడించిన వింత నాణేలు కూడ ఈ రీస్ట్రైక్‌లలో కనబడతవి. ‘టంకశాల పొరపాటు, లోకంలో ఇది ఒక్కటే’ అని అమ్మజూపే సరకు వెనుక ఇటువంటి జతకలుపులే ఉన్న సందర్భాలున్నవి.

రీస్ట్రైక్‌కు విలువే లేదని దీని అర్థం కాదు. కొన్ని రకాలు అరుదే. వాటికి గిరాకీ కూడ ఉన్నది. చిక్కంతా రీస్ట్రైక్‌ను అసలు ధరకు కొనడంతోనే. కొన్నవాడు మళ్ళీ అమ్మజూపినపుడు చేతికి మిగిలే ఆధారం వెండి ఒక్కటే. రూపాయిలో స్వచ్ఛమైన వెండి 10.69 గ్రాములు. కిలో వెండి లక్ష రూపాయలని లెక్క వేసుకున్నా అది 1,069 రూపాయలు మాత్రమే. అంతకు పైన పెట్టినదంతా ‘అసలు’ అన్న ఒక్క మాటకు పెట్టినదే.

పాతదైతే చాలు, ధర పలుకుతుందన్న నమ్మకం కూడ మన ఊళ్ళలో గట్టిగా ఉన్నది. 1840 నాటి విక్టోరియా రూపాయలను కోట్ల సంఖ్యలో వేశారు. తాతల నాటి డబ్బాలో అవి దొరకడం విశేషమేమీ కాదు. ఇందుకు భిన్నంగా 1950లో గణతంత్ర భారతం వేసిన తొలి ప్రూఫ్ సెట్టును చూడండి. రూపాయి మొదలు పైస వరకు ఏడు నాణేలు. వాటిలో వెండి రవ్వంత కూడ లేదు. కరిగిస్తే మూస ఖర్చు రాదు. అయినా పెట్టెతో సహా చెక్కుచెదరకుండా ఉంటే మామూలు వెండి రూపాయల మూట కంటె దానికే పాట ఎక్కువ.

పెట్టె మాట అందుకే ముఖ్యం. ఒకే పెట్టెలో ఏళ్ళ తరబడి కలిసి ఉన్న నాణేలు ఇంచుమించు ఒకే తీరున రంగు తిరుగుతవి. ఏడింటిలో నాలుగు గోధుమ రంగు తిరిగి మూడు తళతళలాడుతుంటే, ఆ సెట్టు ఎక్కడో విడిపోయి మళ్ళీ కూర్చినదని అనుమానించాలి. మంచి నాణేన్ని విడిగా అమ్మి దాని స్థానంలో నాసి రకం పెట్టడం ఈ వ్యాపారంలో కొత్త కాదు.

1969లో మహాత్మాగాంధీ శతజయంతికి వేసిన సెట్టు మన వర్తకులకు బాగా తెలిసినది. ఇరవై పైసలు, యాభై పైసలు, రూపాయి, పది రూపాయలు. పది రూపాయల నాణెం బరువు 15 గ్రాములు; అందులో నూటికి 80 పాళ్ళు వెండి. అంటే 12 గ్రాముల వెండి ఆసరా ఉన్నట్లే. నాణెం మీద 1869–1948 అని మాత్రమే ఉండడం చూసి 1948 నాటిదని బేరమాడేవారు ఇప్పటికీ తగులుతుంటారు. ప్రూఫ్‌లు వేసినది బొంబాయిలో. వాటిపై ‘బి’ అక్షరం ఉంటుంది. పెట్టె లేని విడి నాణెం ప్రూఫ్ అని ఎవరైనా అంటే ముందు ఆ అక్షరం చూపమనాలి.

హైదరాబాద్ టంకశాల ముద్ర నక్షత్రం. 2023 ఆగస్టు 28న విడుదలైన ఎన్.టి. రామారావు వంద రూపాయల నాణెం అక్కడిదే. 35 గ్రాముల బరువు, సగం వెండి. చెక్కపెట్టెలోనూ, ప్రూఫ్ ఫోల్డర్‌లోనూ, మామూలు ఫోల్డర్‌లోనూ వేర్వేరు ధరలకు అమ్మారు. అమ్మకం కౌంటర్ల ముందు అభిమానులు బారులు తీరారు. కొన్నవారిలో ఎందరు ఫోల్డర్ విప్పకుండా ఉంచారన్నదే రేపటి ధరను తేలుస్తుంది. వెండి నాణెం ఇంటికి వస్తే మన వాళ్ళు ముందు లక్ష్మీపూజలో పెడతారు. పాలతో కడిగి, పసుపు కుంకుమ అద్ది, మరునాడు చింతపండుతో తోమి దాచుకుంటారు. పూజకు మామూలు వెండి నాణెం చాలు. ప్రూఫ్‌ను వేలితో ముట్టినా ముద్ర పడి ఉండిపోతుంది. 1902లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి లండన్‌లో వేసిన ప్రూఫ్‌లు పుట్టుకతోనే మసక రకం. మెరుపు లేదేమని రుద్దినవారు చేజేతులా పాడు చేసుకున్నారు. మెత్తని పి.వి.సి. ప్లాస్టిక్ ఆల్బమ్ కూడ ప్రమాదమే. కొన్నేళ్ళకు నాణెం మీద పచ్చని జిగురు పేరుకుంటుంది.

కొనేటప్పుడు బిల్లు మీద ‘అసలు ప్రూఫ్’, ‘రీస్ట్రైక్’ అన్న రెండు మాటల్లో ఒకటి రాయించుకోవడం తప్పనిసరి. ఉత్త ‘ప్రూఫ్’ అని రాసిస్తే అది ఇటూ అటూ కూడ చెల్లుతుంది. ‘అసలు’ అని రాయడానికి అమ్మకందారు నీళ్ళు నమిలితే ధర అక్కడే సగానికి దిగాలి.

విదేశాలకు అమ్మదలచినవారికి మరొక మెలిక ఉన్నది. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం వంద సంవత్సరాలు దాటిన నాణెం పురావస్తువు. ప్రైవేటు వ్యక్తులు దానిని దేశం దాటించరాదు. వ్యాపారంగా అమ్మాలంటే లైసెన్సు కావాలి. కాగా 1835 అచ్చుతో 1960లలో వేసిన రీస్ట్రైక్‌కు ఇంకా వందేళ్ళు నిండలేదు. పక్కపక్కన పెడితే ఒక్క తీరుగా కనబడే రెండు రూపాయలలో ఒకటి చట్టం దృష్టిలో పురావస్తువు, రెండవది కాదు. రుజువు చూపవలసినది సరకు పంపేవాడే. కస్టమ్స్ బల్ల మీద పెట్టినపుడు అధికారికి కనిపించేది మాత్రం 1835 అన్న అంకెలే.