ఇంటర్వెల్ తర్వాతే అసలు కథ!

యుద్ధంలో శత్రు విమానాల్ని కూల్చిన మొనగాడు... ఇంటికొచ్చాక సొంత ప్రభుత్వం మీదే గొంతెత్తాడు! సగం కథ వెండితెర కెక్కింది. మిగతా సగం ఇదిగో!

‘బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్’ అని 1969లో ఓ ఇంగ్లీషు సినిమా వచ్చింది. జేమ్స్ బాండ్ సినిమాల నిర్మాత హ్యారీ సాల్ట్‌జ్‌మన్ దీని నిర్మాతల్లో ఒకరు. ‘గోల్డ్‌ఫింగర్’ తీసిన గై హామిల్టన్ దర్శకుడు. లారెన్స్ ఒలీవియర్, మైకేల్ కెయిన్, క్రిస్టఫర్ ప్లమ్మర్... తారాగణం చూస్తేనే కళ్ళు తిరుగుతాయి! కంప్యూటర్ మాయాజాలం లేని రోజులు కదా, ఆకాశంలో విమానాలు కొట్టుకుంటున్నాయంటే నిజంగా విమానాలు ఎగరాల్సిందే. జర్మన్ నమూనాలో తయారైన విమానాలు స్పెయిన్ వైమానిక దళం దగ్గర ఉంటే, వాటికి రంగు వేసి హిట్లర్ విమానాలుగా చూపించారు.

అందులో రాబర్ట్ షా వేసిన పాత్ర ఒకటుంది. అదేనండీ, ‘జాస్’లో షార్కు చేపను వేటాడే ముసలి క్వింట్ వేషం వేసినాయన! ఈ సినిమాలో ఆయనకి పేరు కూడా లేదు, అందరూ ‘స్కిప్పర్’ అనే పిలుస్తారు. మాట కటువు, చూపు కత్తి. కొత్త కుర్రాళ్ళకి పోరు నేర్పేటప్పుడు పెళుసుగా ఉంటాడు. ఆ పాత్రకి ప్రేరణ ఒక నిజమైన మనిషి అని చెబుతారు. అతని పేరు అడాల్ఫ్ గిస్‌బర్ట్ మలాన్. లోకానికి తెలిసిన పేరు ‘సెయిలర్’ మలాన్. దక్షిణాఫ్రికా వాడు.

నంద్యాల, ఆళ్ళగడ్డ కుర్రాళ్ళకి ఈ దక్షిణాఫ్రికా మనిషి గొడవెందుకయ్యా అంటారేమో! కారణం ఉంది. మాది వీరుల్ని కొలతేసి చూసే సీమ. ఆళ్ళగడ్డకి దగ్గర్లోనే ఉయ్యాలవాడ. 1846లో కుంఫిణీ ప్రభుత్వం మీద తిరగబడిన నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. ఆ కథ ‘సైరా’గా 2019లో తెరకెక్కినప్పుడు ఆళ్ళగడ్డ టీ కొట్టు దగ్గర కుర్రాళ్ళు నాతో అన్నమాట ఇది: “మనోడి కత సిన్మా కావడానికి నూటడెబ్బై రెండేండ్లు పట్టిందన్నా!”

నిజమే. అయితే ఆ కథలో ఓ సౌకర్యం ఉంది. ఎదురుగా ఉన్నది పరాయి దొర. విలన్ ఎవరో టికెట్టు కొన్నవాడికి ముందే తెలుసు. మరి ఎదురుగా ఉన్నవాడు మనవాడే అయితే? మన చర్మం రంగువాడే, మన ఇంటిపేరువాడే అయితే? అలాంటి కథానాయకుణ్ణి సినిమా వాళ్ళు అంత తేలిగ్గా ముట్టుకోరు. మలాన్ కథలో రెండో సగం సరిగ్గా అదే!

ఓడ దిగి విమానం ఎక్కాడు

మలాన్ 1910లో కేప్ రాష్ట్రంలోని వెల్లింగ్టన్ దగ్గర ఓ రైతు ఇంట్లో పుట్టాడు. పద్నాలుగేళ్ళకే ‘జనరల్ బోథా’ అనే శిక్షణ నౌకలో చేరాడు. తర్వాత వర్తక నౌకల్లో ఉద్యోగం. ‘సెయిలర్’ అనే ముద్దుపేరు అలా వచ్చిందే. బ్రిటిష్ వైమానిక దళం విస్తరిస్తోందని తెలిసి అందులో చేరి, 1936 చివర్లో 74వ స్క్వాడ్రన్‌కి వచ్చాడు. అప్పటికి 26 ఏళ్ళు. మిగతా కుర్రాళ్ళ కన్నా వయసులో పెద్ద, అనుభవంలోనూ పెద్ద.

1940లో డన్‌కర్క్ దగ్గర పేరు మోగింది. ఆ జూన్‌లో ఒకే రాత్రి, వెన్నెల వెలుగులో, రెండు జర్మన్ బాంబర్లని కూల్చాడు. ఆగస్టు 8న స్క్వాడ్రన్ నాయకత్వం అతని చేతికొచ్చింది. మూడు రోజులు తిరక్కుండానే, ఆగస్టు 11న, అతని దళం ఒకే రోజు నాలుగుసార్లు గాల్లోకి లేచి పోరాడింది.

అతని గొప్పంతా గురిలో ఉందనుకుంటే పొరపాటు. ఆలోచనలో ఉంది! స్పిట్‌ఫైర్ విమానం రెక్కల్లో ఎనిమిది మెషిన్ గన్లుంటాయి. వాటి గుళ్ళన్నీ 400 గజాల దూరంలో ఒకచోట కలిసేలా అమర్చడం అప్పటి పద్ధతి. మలాన్ దాన్ని 250 గజాలకి తగ్గించాడు. అంటే శత్రువుకి బాగా దగ్గరికి వెళ్ళి కొట్టాలన్నమాట. ముగ్గురు ముగ్గురుగా బిగుసుకుని ఎగిరే పాత పద్ధతిని కాదని, నలుగురు చొప్పున వదులుగా ఎగరడం అలవాటు చేశాడు. పైలట్ల కోసం పది సూత్రాలు రాస్తే, అవి వైమానిక స్థావరాల గోడలకెక్కాయి. వాటిలో ఒకదాని సారాంశం ఇది: నీ మీదికి దాడి వస్తే తోక చూపించకు, తిరిగి ఎదురు నిలబడు.

ఈ సూత్రాన్ని గుర్తుపెట్టుకోండి. మళ్ళీ పని పడుతుంది!

1941లో యుద్ధరంగం నుంచి శిక్షణ వైపు మళ్ళేనాటికి అతను ఒంటరిగా కూల్చినవి 27 విమానాలు, ఇతరులతో కలిసి కూల్చినవి మరో 7. తర్వాత బిగ్గిన్ హిల్ అనే పేరుమోసిన స్థావరానికి అధిపతి అయ్యాడు. చర్చిల్ అంతటివాడు అతని కొడుక్కి గాడ్‌ఫాదర్‌గా ఉన్నాడు.

మచ్చ లేని హీరో కాదు సుమా!

అభిమానులకి మచ్చలు చెబితే కోపం వస్తుందని తెలుసు. అయినా చెప్పాలి. యుద్ధం ప్రకటించిన మూడో రోజు, 1939 సెప్టెంబరు 6న, ఘోరమైన గందరగోళం జరిగింది. మలాన్ బృందంలోని పైలట్లు పొరపాటున తమ దళానికే చెందిన రెండు హరికేన్ విమానాల్ని కూల్చారు. ఒక కుర్ర పైలట్ చనిపోయాడు. ఆ యుద్ధంలో బ్రిటన్ గడ్డ మీద కూలిన మొట్టమొదటి బ్రిటిష్ ఫైటర్ పైలట్ అతనే. సైనిక న్యాయస్థానంలో మలాన్ తన కింది పైలట్లకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. వాళ్ళు నిర్దోషులుగా బయటపడ్డారు. దాడి చెయ్యమని ముందు చెప్పింది ఎవరన్న వాదన మాత్రం వాళ్ళ జీవితకాలం సాగింది. సినిమాలో అయితే ఈ రీలు కత్తిరించేస్తారు. జీవితంలో కత్తెర ఉండదు కదా!

ఇద్దరు మలాన్‌లు - ద్విపాత్రాభినయం కాదు

1946లో కొలువు వదిలి ఇంటికొచ్చాడు. తర్వాత కింబర్లీ దగ్గర గొర్రెల పెంపకం మొదలెట్టాడు. మామూలు సినిమా అయితే ఇక్కడ ‘శుభం’ కార్డు పడాలి.

కానీ 1948లో ఎన్నికలొచ్చాయి. నేషనల్ పార్టీ గెలిచింది. ప్రధానమంత్రి ఎవరు? డి.ఎఫ్. మలాన్! ఒకే ఇంటిపేరు, రెండు దారులు. మన రచయితలు కల్పించి రాసినా ‘ఇదేం యాదృచ్ఛికమయ్యా’ అని మనం విసుక్కుంటాం.

జాతుల్ని వేరు చేసే అపార్థీడ్ విధానానికి చట్టాలు ఒక్కొక్కటే వచ్చి పడ్డాయి. 1951లో కన్ను ఓటు మీద పడింది. కేప్ రాష్ట్రంలో మిశ్రమ జాతి జనం ఉన్నారు, అక్కడ ‘కలర్డ్’ అంటారు. వాళ్ళ పేర్లు తెల్లవాళ్ళతోపాటు ఒకే ఓటర్ల జాబితాలో ఉండేవి. ఆ హక్కు తీసెయ్యాలంటే పార్లమెంటు ఉభయ సభలూ కలిసి కూర్చుని మూడింట రెండు వంతుల మెజారిటీతో ఒప్పుకోవాలని రాజ్యాంగంలో గట్టి ముడి ఉంది. ప్రభుత్వానికి అంత బలం లేదు. మామూలు మెజారిటీతోనే పని కానిచ్చేయబోయింది.

యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి ఒళ్ళు మండింది. హిట్లర్ మీద పోరుకి దక్షిణాఫ్రికా నుంచి మూడు లక్షలకు పైగా జనం వెళ్ళారు. వాళ్ళలో నల్లవాళ్ళు, కలర్డ్ వాళ్ళు, భారతీయులు కూడా ఉన్నారు. ఆయుధం చేతికివ్వకపోయినా వెళ్ళారు. మరో పక్క, అసలు ఆ యుద్ధంలోకే దిగొద్దన్న పార్టీ ఇప్పుడు గద్దె మీద ఉంది. యుద్ధకాలంలో హిట్లర్ అనుకూల సంస్థలో ఉన్నాడని 1942లో నిర్బంధంలో పెట్టిన జాన్ ఫోర్‌స్టర్ 1966లో ఏకంగా ప్రధానమంత్రి అయ్యాడంటే, గాలి ఎటు వీచిందో మీరే ఊహించుకోండి.

కాగడాలు వెలిగాయి

మాజీ సైనికులు కలిసి ‘టార్చ్ కమాండో’ అనే ఉద్యమం పెట్టారు. ముందు నిలబడింది మన సెయిలర్ మలాన్! రాత్రిపూట చేతుల్లో కాగడాలతో ఊరేగింపులు. 1951 మేలో జీపులు, లారీలు బారులు తీరి దేశం నలుమూలల నుంచి కేప్‌టౌన్ వెళ్ళాయి. ఆ రాత్రి అక్కడ గుమికూడిన జనం 50 వేలకు పైమాటే. తర్వాత పార్లమెంటు దగ్గర పోలీసులతో ఘర్షణ జరిగి చాలామందికి దెబ్బలు తగిలాయి. ఉద్యమం ఉచ్ఛస్థితిలో ఉన్నప్పుడు సభ్యుల సంఖ్య రెండున్నర లక్షలదాకా వెళ్ళింది.

దాడి వస్తే ఎదురు తిరిగి నిలబడమన్న సూత్రం గుర్తుందా? గాల్లో రాసుకున్నది నేల మీద పాటించాడు. అయితే ఆకాశంలో శత్రువు రెక్కల మీద గుర్తు ఉంటుంది. ఇక్కడ ఎదుటివాడు నీతో చదువుకున్నవాడు, నీ గుడికి వచ్చేవాడు. వాణ్ణి కాదన్నరోజున నీ ఊళ్ళో నీకు పలకరింపు కరువవుతుంది. ఏది కష్టం? పాఠకులే చెప్పాలి.

గెలిచాడా? గెలవలేదు. 1952లో సుప్రీం కోర్టు ఆ చట్టం చెల్లదని కొట్టేసింది. కాగడాలవాళ్ళు పండగ చేసుకున్నారు. కానీ 1953 ఎన్నికల్లో నేషనల్ పార్టీ మరింత బలంగా గెలిచింది. 1955లో సెనేట్ సభ్యుల సంఖ్యని 48 నుంచి 89కి పెంచి, మూడింట రెండు వంతుల లెక్క కుదుర్చుకుంది. 1956లో కలర్డ్ ఓటర్ల పేర్లు జాబితాలోంచి పోయాయి. అప్పటికే టార్చ్ కమాండో చెదిరిపోయింది.

మనవాళ్ళ మాటేమిటి?

ఇక్కడ నేనో ప్రశ్న వెయ్యకుండా ఉండలేను. దక్షిణాఫ్రికాలో మన తెలుగువాళ్ళు ఉన్నారు. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది మొదలు, చెరుకు తోటల్లో కూలికి వెళ్ళిన కుటుంబాలు. 1931లోనే అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకుని భాషని కాపాడుకున్నారు. 1950లో గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చాక, ఏ జాతివాడు ఏ వీధిలో ఉండాలో సర్కారే గీత గీసింది. డర్బన్‌లో భారతీయులు తరాలుగా ఉన్న ఇళ్ళు ఖాళీ చెయ్యాల్సొచ్చింది. నాటాల్ భారతీయుల ఓటు హక్కయితే 1896లోనే ఊడిపోయింది.

వాళ్ళ కోసం కాగడాలు వెలిగాయా? లేదు. టార్చ్ కమాండో ప్రధానంగా తెల్ల సైనికుల సంఘం. కలర్డ్ మాజీ సైనికుల్ని సభ్యులుగా చేర్చుకోవాలా వద్దా అన్న దగ్గరే తడబడింది. నల్లవాళ్ళందరికీ ఓటు అన్నమాట దాని నోట రాలేదు. రాజ్యాంగాన్ని కాపాడాలన్నంత వరకే ఆగింది. ఆ 1952లోనే జూన్ 26న ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్, భారతీయుల కాంగ్రెస్ కలిసి శాసనోల్లంఘనం మొదలెడితే, మండేలాతో సహా ఎనిమిది వేలకు పైగా జనం అరెస్టయ్యారు. చేతిలో ఆయుధం లేదు, ఛాతీ మీద పతకం లేదు. ఆ పోరుతో టార్చ్ కమాండో చెయ్యి కలపలేదు.

మరైతే మలాన్ వీరుడు కాదా? నా లెక్కలో వీరుడే. తనకున్న ఓటు ఎవరూ పీక్కోలేదు, తన పొలం ఎవరూ లాక్కోలేదు. నోరు మూసుకుని గొర్రెలు కాసుకుంటే సుఖంగా బతికేవాడు. పక్కవాడి ఓటు పోతోందని వీధిలోకి వచ్చాడు. కాకపోతే వీధి చివరిదాకా నడవలేదు. ఆ మిగిలిన దూరం నడిచింది పేరు తెలియని నల్లవాళ్ళు, కలర్డ్ వాళ్ళు, మన డర్బన్ జనం. వాళ్ళందరికీ కలిపి ఓటు చేతికొచ్చింది 1994 ఏప్రిల్‌లో. అది చూడ్డానికి మలాన్ లేడు. పార్కిన్‌సన్స్ జబ్బుతో 1963 సెప్టెంబరు 17న కింబర్లీలో కన్నుమూశాడు. వయసు 53.

నిర్మాతలకి ఓ మనవి! విమానాల పోరు ఇప్పుడు కంప్యూటర్లో ఎవరైనా తీసేస్తారు. ఓ యుద్ధవీరుడు పతకాలు పెట్టెలో దాచి, కాగడా పట్టుకుని, తన ఇంటిపేరున్న ప్రధాని ఇంటి ముందు నిలబడ్డ కథ తియ్యండి. సగంలో అతని అడుగు ఎందుకు ఆగిందో కూడా తియ్యండి. మా నంద్యాల నేలటిక్కెట్టు కుర్రాడు ఆ హీరోకి ఈల వేస్తాడు. ఆగిన చోట కుర్చీలోంచి లేచి ‘ఇంకా నడువప్పా!’ అని అరుస్తాడు కూడా!